కారుగారి తలంటు

ఆదివారం మగవాళ్ళు తలంటుకోకూడదని మా అమ్మ పంచాంగం సాక్షిగా చెప్పేది. ఆ నియమం కార్లకు వర్తించదని మా అబ్బాయి తేల్చేశాడు. కాబట్టి హైదరాబాదులోని మా ఇంటి పోర్టికోలో ప్రతి ఆదివారం పొద్దు పొడవకముందే కారుగారికి అభ్యంగనం మొదలవుతుంది, మనుషుల స్నానాలు వాయిదా పడతాయి. ఈ అన్యాయం మీద ఏ కోర్టులో కేసు వేయాలో తెలియక పాఠకుల ముందు పెడుతున్నాను.

పూర్వం మా కారును ఒక కుర్రాడు తుడిచేవాడు. చీకటితో వచ్చి, ఒక బకెట్టు నీళ్ళతో, ఒక పాత బనియన్ గుడ్డతో పావుగంటలో పని కానిచ్చి పక్కింటికి పోయేవాడు. వచ్చినట్టు తెలిసేది కాదు, వెళ్ళినట్టు తెలిసేది కాదు. ఒకరోజు మా వాడు నన్ను ఎండలోకి లాక్కెళ్ళి, "బానెట్ మీద సూర్యుడి చుట్టూ చూడు నాన్నా" అన్నాడు. సన్నటి గీతలు సాలెగూడులా అల్లుకుని ఉన్నాయి. గుడ్డలో చిక్కిన ఇసుక రంగు మీది క్లియర్‌కోటును గీకిన గుర్తులట. వాడన్నది నిజమే, కాదనను. అయితే ఆ గీతల వల్ల మైలేజీ తగ్గిందని గానీ, దారిలో పోలీసువాళ్ళు ఆపారని గానీ నేనెక్కడా వినలేదు.

కుర్రాడు మానేశాడు, ప్రెషర్ వాషర్ దిగింది. పెట్టె మీద 120 బార్ అని రాసి ఉంది. పది మీటర్ల ఎత్తు నీటికి సుమారు ఒక బార్ లెక్క. అంటే సముద్రమట్టానికి 1,200 మీటర్లకు పైనున్న హార్స్‌లీ హిల్స్ మీద ట్యాంకు కట్టి, ఆ నీళ్ళకి కింద సముద్రపొడ్డున కుళాయి తిప్పినట్టు. జర్మనీలో కెర్షర్ కంపెనీ 1950లో వేడినీళ్ళ హై ప్రెషర్ యంత్రం చేసినప్పుడు, గ్రీజు పట్టిన లారీలూ ఫ్యాక్టరీ నేలలూ కడుక్కునేవాళ్ళ కోసమే చేసి ఉంటుంది. 1984లో చేత్తో మోసుకుపోయే చిన్నది చేసి, దాన్ని ఇళ్ళలోకి తోలింది. అక్కడితో మా పోర్టికోకు దారి పడింది.

మా డాబా మీది ట్యాంకు ఒత్తిడి ఒక బార్ కూడా ఉండదు. యంత్రం ఆ నాలుగు చుక్కలు గుక్కలో తాగేసి, ఇంకా లేవా అన్నట్టు గుర్రుమంటుంది. అందుకని మా ఆవిడ వడియాల పిండి కలుపుకునే ప్లాస్టిక్ డ్రమ్ము కారుగారి సేవకు బదిలీ అయింది. గీజరుకున్న పెద్ద సాకెట్టే దీనికీ కావాలి గనుక గీజరు వైరు ఊడుతుంది. ఆ సమయంలో నేను ఒంటికి నూనె రాసుకుని ఉన్నానా లేదా అన్నది ఎవరికీ పట్టదు.

ఇక అసలు ఘట్టం, స్నో ఫోమ్. మంచు అనేది ఈ ఊళ్ళో ఫ్రిజ్జు పై అరలో తప్ప ఎవరూ చూడలేదు. లీటరు సీసా ధర చెబితే మా ఆవిడ వారం రోజులు కాఫీ ఇవ్వదు కాబట్టి చెప్పను. గన్ను చివర ఒక సీసా తగిలిస్తారు. మిల్లీమీటరు పైచిలుకు కంత గుండా నీళ్ళు దూసుకుపోతూ షాంపూను, గాలిని లాక్కుంటాయి. అవన్నీ స్టీలుజాలి ముద్దలో పడి చిలికినట్టయి తెల్లటి నురగగా బయటికొస్తాయి. చక్రాలకాడి నుంచి పైకి పట్టిస్తాడు. నాలుగైదు నిమిషాలు ఆగాలి, ఆరనివ్వకూడదు. నురగ అద్దాల మీదుగా దుమ్మును మోసుకుంటూ నెమ్మదిగా జారుతుంటే, మా వాడు చేతులు కట్టుకుని నిలబడి చూస్తాడు. పెళ్ళినాడు తలంబ్రాలప్పుడు కూడా వాడి ముఖంలో అంత తన్మయత్వం లేదు.

మొన్న నురగ రాలేదు, పలచటి మజ్జిగ వచ్చింది. విప్పి చూస్తే స్టీలుజాలి సందుల్లో బోరునీళ్ళ సున్నం పేరుకుని గట్టిపడింది. సున్నాన్ని పులుపు కరిగిస్తుందని ఎవరో చెప్పారట. పులిహోరకని తెచ్చిన నిమ్మకాయలన్నీ పిండి, ఆ రసంలో జాలిని నానబెట్టాడు. జాలి తళతళలాడింది. ఆ పూట మేం పప్పన్నం తిన్నాం.

ఇంతకీ నా ప్రధాన ఫిర్యాదు ఇది కాదు. నురగంతా కడిగేశాక తలుపు మీద వేలితో ఒక గీత గీసి చూశాను. వేలికి బూడిదరంగు మడ్డి అంటింది. "మురికి పోలేదేమిట్రా?" అన్నాను. "ఫోమ్ పని ఇసుకను దింపడం వరకే నాన్నా, అసలు వాష్ ఇప్పుడు మొదలవుతుంది" అంటూ లోపలికెళ్ళి బకెట్టు తెచ్చాడు. ఒకటి కాదు, రెండు! ఒకటి షాంపూ నీళ్ళకు, ఒకటి చేతి తొడుగు జాడించుకోవడానికి. రెండో దాని అడుగున ఇసుక మళ్ళీ పైకి లేవకుండా చిల్లుల పళ్ళెం. ఏ బకెట్టును తప్పించడానికి ఈ యంత్రాంగమంతా వచ్చిందో, ఆ బకెట్టే జోడీని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది.

"పైపుతో కడిగితే ఇంతకు రెట్టింపు నీళ్ళు పోతాయి, ఇది నిమిషానికి ఏడు లీటర్లే" అని వాడి వాదన. పైపుతో కడిగిందెవరు? బనియన్ గుడ్డ కుర్రాడికి నెలకు కూడా అన్ని నీళ్ళు అయ్యేవి కావు. 2024 ఎండాకాలంలో బెంగళూరు జలమండలి తాగునీళ్ళతో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అంది. ఆ వార్త కత్తిరించి ఫ్రిజ్జు మీద అంటించాను. మా వాడు చదివి, బోరు మోటారు వేశాడు. బోరునీళ్ళు ఆరితే నల్ల రంగు మీద తెల్లటి మచ్చలు పడతాయి. అవి పడకుండా గబగబా తుడవాలి. తుడవడానికి ఒక టవలుంది.

ఆ టవలు గురించి రెండు ముక్కలు చెప్పి సెలవు తీసుకుంటాను. అది మైక్రోఫైబరు. మిగతా బట్టలతో కలిపి ఉతకకూడదు, నూలుపోగులు అంటుకుంటాయి. ఉతికేటప్పుడు కంఫర్టు వేయకూడదు, వేస్తే నీళ్ళు పీల్చదట. నేల మీద పడితే ఇక కారుకు పనికిరాదు, ఇసుక పట్టేస్తుంది. మా ఆవిడ తెలియక దాంతో గ్యాసు పొయ్యి తుడిచిన రోజున ఇంట్లో అన్నం ఎవరికీ సహించలేదు. ఇప్పుడు దానికి నీడపట్టున విడిగా ఒక దండెం కట్టారు. మొన్నటిదాకా అక్కడ ఆరిన నా పంచెలు పిట్టగోడ మీదకు మారాయి, పావురాలున్న వైపుకు.