గౌనుతో బజారుకెళ్లే వకీలు

తెలుగు టీవీలో కోర్టును గుర్తుపట్టడం తేలిక. జడ్జిగారి చేతిలో కొయ్య సుత్తి, సాక్షి అరచేతి కింద భగవద్గీత, నడుమ గాలికి ఎగిరే నల్ల గౌను. నంద్యాల కోర్టులోనో ఆళ్లగడ్డ కోర్టులోనో సుత్తి కోసం వెతికితే దొరకదు. మన జడ్జీలకు ఆ అలవాటు లేదు. 1969 నాటి ప్రమాణాల చట్టం ఏ గ్రంథం మీదా చెయ్యి పెట్టమనదు. గౌనంటారా, కింది కోర్టుల్లో అది వకీలు ఇష్టం. అక్కడ నిజంగా కనిపించేది పొద్దున్నే కాల్‌వర్కు, వరండాలోకి వచ్చి మూడుసార్లు పేరు పిలిచే బంట్రోతు, వకీలు నోరు తెరవకముందే వాయిదా తేదీ రాసుకునే గుమాస్తా. వీళ్లకు సీరియల్లో వేషాలుండవు. గుమాస్తా మీద టీఆర్పీ ఎవరికొస్తుంది?

పోనీ, గౌను మోజు అర్థం చేసుకోవచ్చు. కానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో ఒక పుల్లవిరుపు మాట ఉంది: కోర్టులోనూ, అనుమతించిన వేడుకల్లోనూ తప్ప బయట నలుగురిలో గౌనూ, మెడ బ్యాండూ వేసుకు తిరగరాదు. తెర మీది వకీలు గౌనుతోనే గుడికెళ్తాడు, గౌనుతోనే శవం దగ్గరికెళ్తాడు, గౌనుతోనే విలన్ ఇంటికెళ్లి సవాలు విసురుతాడు. నియమాలు పాటిస్తే మొదటి వారమే అతని మీద క్రమశిక్షణ కమిటీ కూర్చోవాలి.

ఆ కమిటీకి పని అక్కడితో తీరదు. పెండింగ్ కేసు గురించి జడ్జితో చాటుగా మాట్లాడకూడదు. తాను సాక్షిగా నిలబడాల్సి వస్తుందని తెలిస్తే ఆ కేసు పట్టకూడదు. గెలిస్తే ఇంత వాటా అని ఫీజు మాట్లాడుకోకూడదు. ఇవన్నీ తీసేస్తే సీరియల్ రచయితకు మిగిలేది టైటిల్ సాంగే. హత్య చూసింది వకీలే, హతుడు వకీలు బావే, వాదించేదీ వకీలే. ఇక జడ్జిగారు ప్రతివాది వకీలు ఇంట్లో పెళ్లి భోజనానికి విస్తరి ముందు కనిపిస్తారు. వకీళ్లతో, ముఖ్యంగా తమ కోర్టులోనే వాదించేవారితో, అతిచనువు కూడదని 1997లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులే ఒక విలువల పత్రాన్ని ఆమోదించుకున్నారు. స్టూడియో దాకా ఆ కాగితం వెళ్లినట్టు లేదు.

ఈ పాపం సీరియల్ ఒక్కదానిదే కాదు. అది సినిమా ఒళ్లో పెరిగిన బిడ్డ. 1982లో వచ్చిన ‘జస్టిస్ చౌదరి’లో జడ్జీ ఎన్టీఆరే, ఆయన కొడుకూ ఎన్టీఆరే. పక్షపాతం ఉందని పిటిషన్ వేయడానికి ఇంతకంటే బలమైన కారణం భారత న్యాయచరిత్రలో దొరకదు. హిందీ ‘పింక్’లో అమితాబ్ వాదనతోనే నెట్టుకొచ్చాడు. అదే కథ 2021లో ‘వకీల్ సాబ్’గా మారేసరికి వకీలు మెట్రో రైల్లో మనుషుల్ని చితక్కొట్టాల్సి వచ్చింది. చట్టం మీద మనకు గౌరవం లేదనలేం. దానికి కండలుంటే ఇంకా ఇష్టం.

అసలు తమాషా ఏమిటంటే, చట్టం అవసరమైన చోట సీరియల్ దాన్ని గడప తొక్కనివ్వదు. ‘కార్తీకదీపం’ 2017 నుంచి 2023 దాకా నడిచింది. భర్తకు పిల్లలు పుట్టరని దొంగ రిపోర్టు, భార్య వంటలక్క మీద అనుమానం, డీఎన్ఏ పరీక్ష చేయించమని ఇంటింటా గోల. పాత సాక్ష్యాధార చట్టం 112వ సెక్షన్ ప్రకారం, చెల్లుబాటయ్యే పెళ్లి నడుస్తుండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డే. ఆ రోజుల్లో ఇద్దరూ కలిసే వీలే లేదని రుజువైతే తప్ప. కొత్త చట్టంలోనూ 116వ సెక్షన్‌గా అదే ఉంది. ఆళ్లగడ్డలో ఏ జూనియర్ ప్లీడరును అడిగినా వంటలక్క ఒక్క పూటలో గట్టెక్కేది. వెయ్యికి పైగా ఎపిసోడ్లు గాలికి పోయేవి.

తెర మీద వాయిదాలూ ఉండవు. సివిల్ కేసులో ఒక పక్షానికి మూడుకు మించి వాయిదాలు ఇవ్వరాదని చట్టమే అంటోంది, చదివిన ప్లీడర్లు నవ్వుకుంటారు. సీమవాళ్లకు నవ్వు కూడా రాదు. రాజధానో హైకోర్టో ఒకటి మీకేనని 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో చెప్పారు. కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని శాసనసభ తీర్మానించింది 2024 నవంబరులో.

ఇంతలో 2023 సెప్టెంబరు 9 తెల్లవారుజామున నంద్యాలకే అసలు సిసలు ఎపిసోడ్ వచ్చింది. చంద్రబాబు నాయుణ్ణి స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో సీఐడీ అక్కడే అరెస్టు చేసి రోడ్డు మార్గాన విజయవాడ తరలించింది. మర్నాడు ఆదివారం, ఏసీబీ కోర్టులో గంటల తరబడి వాదనలు. ఐపీసీ 409 సెక్షన్ వర్తిస్తుందా? ఇరవై నాలుగు గంటల లెక్క ఎక్కడినుంచి మొదలు? ముందస్తు అనుమతి కావాలా? ఒక్కరూ బల్ల గుద్దలేదు, ఒక్క రహస్య సాక్షీ తలుపు తోసుకుని రాలేదు. చానళ్లు మాత్రం మెరుపులూ ఉరుములూ వేసి దాన్ని సీరియల్‌గా మార్చాయి. సాయంత్రం రిమాండు ఉత్తర్వు వచ్చింది.

సీరియల్ చూసి చూసి ప్రేక్షకుడు ఒక పాఠం బాగా వంటబట్టించుకున్నాడు: మనవాడు గెలిస్తే జడ్జి ధర్మమూర్తి, ఓడితే అమ్ముడుపోయిన మనిషి. సామాజిక మాధ్యమాల్లో న్యాయమూర్తుల మీద బూతుల వాన కురిసింది. అడ్వొకేట్ జనరల్ కోర్టు ధిక్కార పిటిషన్ వేస్తే, అదే నెలలో హైకోర్టు 26 మందికి నోటీసులిచ్చింది. పక్షం మారితే తిట్లూ పక్షం మారతాయి. నిఘంటువు మాత్రం ఉభయులకూ ఒకటే.

కేసు సుప్రీంకోర్టుకెళ్లింది. అవినీతి నిరోధక చట్టంలోని 17ఎ కింద ముందస్తు అనుమతి కావాల్సిందేనని 2024 జనవరి 16న ఒక న్యాయమూర్తి అన్నారు, పాత వ్యవహారానికి అది వర్తించదని పక్కనున్న న్యాయమూర్తి అన్నారు. విస్తృత ధర్మాసనం కోసం ఫైలు ప్రధాన న్యాయమూర్తికి పంపారు. అరిచింది లేదు, మొహాన విసిరిన కాగితం లేదు. ఇలాంటి క్లైమాక్స్ రాసుకొచ్చిన రచయితకు ఏ చానలైనా మిగిలిన పారితోషికం ఇస్తుందా అన్నది వేరే కేసు.