గుల్‌మర్గ్ బోర్డుల అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హోటల్ బోర్డుల రాతల పర్యవేక్షణాధికారి గారికి,
గుల్‌మర్గ్, బారాముల్లా జిల్లా, జమ్మూ కశ్మీర్.

విషయం: మంచులో పడి లేచినవాడికి మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో తెలిపే బోర్డు పెట్టించుట గురించి.

అయ్యా,

నమస్కరించి రాయునది ఏమనగా, తమ పోస్టు ఒకటి ఉందో లేదో విచారించకుండానే ఈ అర్జీ పెట్టుకుంటున్నాను. ఉన్నట్టయితే తమరు పని చెయ్యడం లేదు. లేనట్టయితే వెంటనే ఒకరిని నియమించాలి. ఏది నిజమైనా నా అర్జీ చెల్లుతుంది.

తమ ఊళ్ళో బోర్డులకు కొదవ ఉందని నా ఫిర్యాదు కాదు. గొండోలా అనే కేబుల్ కారుకి వరస ఎటు, కొంగ్డోరిలో ఎక్కడ దిగాలి, అక్కడి నుంచి అఫర్వట్ కొండకి రెండో దశ ఎక్కడ ఎక్కాలి, ఇవన్నీ కళ్ళున్నవాడికి కనిపిస్తాయి. 1998లో మొదటి దశ, 2005లో రెండో దశ తెరిచి, మామూలు మనిషిని దగ్గరదగ్గర నాలుగు వేల మీటర్ల ఎత్తుకి కూర్చోబెట్టి తీసుకెళ్తున్నారు. సంతోషం. దిగి వచ్చాక ఆకలేస్తుంది కదా, అక్కడ మొదలవుతుంది గొడవ. ఏ హోటల్ బోర్డు చూసినా ఒకటే రాత: 'పంజాబీ, గుజరాతీ, చైనీస్, మొగలాయి, సౌత్ ఇండియన్, జైన్ భోజనం కూడా దొరుకును.' ఇంత రాశాక బోర్డు మీద జాగా మిగిలితే, చివర్న చిన్న అక్షరాల్లో కశ్మీరీ. మిగలకపోతే అదీ లేదు.

మేం సౌత్ ఇండియన్ బోర్డున్న చోటుకే వెళ్ళాం. నా వెంట వచ్చినవాళ్ళు గుంటూరు జిల్లా మనుషులు, రెండు పూటలు అన్నం పడకపోతే లోకమంతా అన్యాయంగా కనిపించే తరహా. ఇడ్లీ వచ్చింది. దాన్ని గురించి నేనేమీ అనను, ఎందుకంటే తప్పు వంటవాడిది కాదు. గుల్‌మర్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గాలి ఒత్తిడి తగ్గడంతో అక్కడ నీళ్ళు వంద డిగ్రీలదాకా ఆగవు, సుమారు 91 డిగ్రీలకే మరిగిపోతాయి. ఎంత మంట పెట్టినా మూత లేని గిన్నెలో నీళ్ళు అంతకుమించి వేడెక్కవు. కుక్కర్ లేకుండా కందిపప్పు ఉడకాలంటే పూట గడిచిపోతుంది. పిండి పులవాలంటే వెచ్చదనం కావాలి. ఫిబ్రవరిలో అక్కడ గది లోపల కూడా మనిషి కంబళి వదలడు, పిండి మాత్రం ఎందుకు పులుస్తుంది? ఇడ్లీ ఆ ఎత్తున పుట్టవలసిన పదార్థం కాదు. దాన్ని బోర్డు మీదకి ఎక్కించినవాడిదే నేరం, వండినవాడిది కాదని తమరు గమనించగలరు.

మ్యాగీ సంగతి వేరు. అది ఏ ఎత్తునైనా ఒకేలా ఉంటుంది, దాని గొప్పా అదే, లోపమూ అదే. కొంగ్డోరిలో చేతులు కొంకర్లు పోతున్నప్పుడు ఒక గిన్నెడు తిన్నాను, ఇంకొకటి అడిగాను. దాని మీద ఫిర్యాదు లేదు.

అసలు సంగతి కింద తంగ్‌మర్గ్‌లో తెలిసింది. మంచు కురిశాక చక్రాలకు గొలుసులు కట్టిన బండ్లు తప్ప పైకి పోనివ్వరు కాబట్టి, అక్కడి నుంచి పైకి ఉన్న పదమూడు కిలోమీటర్లు అక్కడి డ్రైవర్ చేతిలో పెట్టాలి. పైకి చేరే ఉల్లిపాయా, గ్యాసు బండా, మనిషీ అన్నీ ఆ దారినే ఎక్కాలి. మా డ్రైవర్ దిగుతూ, పది నిమిషాలు భోంచేసి వస్తానని రేకుల కప్పు కింద ఉన్న చిన్న హోటల్‌లోకి దూరాడు. వెనకే నేనూ వెళ్ళాను. లోపల స్లెడ్జి లాగే కుర్రాళ్ళు, గుర్రాలవాళ్ళు, భుజాన స్కీలు ఆనించుకున్న ఇద్దరు శిక్షకులు ఉన్నారు. అందరి ముందూ పళ్ళెం నిండా అన్నం. అయ్యా, అన్నం! పైన ఆవనూనెలో ఎండుమిరపకాయలతో ఉడికించిన హాఖ్ ఆకుకూర, పక్కన రాజ్మా, ఇష్టమున్నవాడికి మాంసం. నాకూ పెట్టమంటే హోటలతను మొహమాటపడ్డాడు. "ఇది మా పనివాళ్ళ తిండి సాబ్, మీకు పైన సౌత్ ఇండియన్ దొరుకుతుంది కదా" అన్నాడు.

అంటే ఏమైనట్టు? కశ్మీరీలు రోజూ రెండు పూటలా అన్నం తినే మనుషులు. ఆకుకూర కలుపుకుని తింటారు. పెరుగు తింటారు. వంకాయలో చింతపండు పులుసు పోసి చోక్ వాంగన్ అని పండిట్ల ఇళ్ళలో చేస్తారు. అన్నం కోసం, పులుపు కోసం ప్రాణం పెట్టే మేం దేశం ఆ చివర నుంచి ఈ చివరికి వచ్చి, అన్నం తినే మనుషుల ఊళ్ళో, పులవని పిండి కోసం వరసలో నిలబడ్డాం. ఆ వరసలో నిలబెట్టింది బోర్డు.

ఐదు నక్షత్రాల హోటళ్ళలో వాజ్వాన్ దొరకదని నేననడం లేదు. రిస్తా, తబక్ మాజ్, చివర్న పెరుగు పులుసులో తేలే గుష్తాబా, అన్నీ వడ్డిస్తారు. అది పెళ్ళి విందు. రాగి పళ్ళెం చుట్టూ నలుగురు కూర్చుని తినవలసినది. స్కీ పాఠం అయ్యాక, తడిసిన సాక్సులతో, ఒక్కడే కూర్చుని పెళ్ళి భోజనం తినడం నాకు సబబుగా తోచలేదు. రోజువారీ వంట కావాలి. శీతాకాలపు వంట మరీ కావాలి. డిసెంబర్ 21న మొదలయ్యే చిల్లాయ్ కలాన్ నలభై రోజుల చలికోసం, ఎండలున్నప్పుడే సొరకాయ, వంకాయ, టమాటా కోసి ఎండబెట్టి దాచుకునే ఇళ్ళు కశ్మీర్ అంతటా ఉన్నాయి. ఆ ఎండు కూరల రుచి మంచు చూడడానికి వచ్చినవాడికి కాకపోతే ఇంకెవరికి చూపిస్తారు? కానీ పైన పనివాళ్ళు చాలామంది చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దున ఎక్కి సాయంత్రం దిగిపోయేవాళ్ళే. ఊరి వంటిళ్ళన్నీ కిందే ఉండిపోతే పైన మిగిలేది మెనూ కార్డే.

కారం గురించి మావాళ్ళకో అనుమానం ఉంది, అది కూడా బోర్డు మీద తీర్చాలి. ఎర్రటి పులుసు చూసి 'ఆహా' అని కలుపుకుంటారు, తీరా నాలుక మీద ఏమీ జరగదు. ఆ ఎరుపు కారానిది కాదు, రంగు ఎక్కువా ఘాటు తక్కువా ఉన్న కశ్మీరీ మిరపదీ, నీళ్ళలో నానేసిన కోడిజుట్టు పూలదీ అని తెలియక మోసపోయినట్టు మొహం పెడతారు. సోంపు, శొంఠి వాసన అర్థమయ్యేదాకా రెండు ముద్దలు ఓపిక పట్టవలెనని ఒక వాక్యం తగిలించగలరు.

వచ్చినవాడి సొంత తిండిని కొండెక్కించడం కొత్త జబ్బని తమరు అనుకుంటారేమో, కాదు. గుల్‌మర్గ్‌లో 1888 నాటి నెడూస్ హోటల్ కట్టింది తెల్లవాళ్ళ కోసం. 1927లో అదే ఊళ్ళో స్కీ క్లబ్బు పెట్టుకున్నదీ తెల్ల దొరలే. వాళ్ళకి వాళ్ళ రొట్టెలు, వాళ్ళ పుడ్డింగులు కావలసి వచ్చాయి. ఇప్పుడు గుజరాత్ బృందాలు తమ వంటవాడైన మహరాజ్‌ను వెంటబెట్టుకుని దిగుతాయి. మా తెలుగు టూరిస్టు బస్సులో వంటమాస్టరు, గ్యాసు పొయ్యి, ఆవకాయ జాడీ, గోంగూర సీసా, అప్పడాల కట్టా సీట్ల కింద ప్రయాణం చేస్తాయి. మంచులో ఫొటో దిగి, బస్సు దగ్గరకొచ్చి పప్పన్నం తిని, 'కశ్మీర్‌లో తిండి బాగోదు' అని ఊళ్ళో చెప్పేవాళ్ళని నేనెరుగుదును. అన్నట్టు, ఆ నెడూ కుటుంబపు ఆడపడుచు అక్బర్ జహాన్ గారు ఇప్పటి ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా గారికి స్వయానా నాయనమ్మ. హోటల్ రక్తం ఉన్న సర్కారు కనుక తమ ఫైలు పైదాకా వెళ్ళడంలో ఇబ్బంది ఉండకూడదు.

కావున నా విన్నపం. గొండోలా దిగేచోట ఒక బోర్డు పెట్టించండి. దాని మీద హోటళ్ళ పేర్లు వద్దు, పేరు రాస్తే రేపే అక్కడ కూడా చైనీస్ మొదలవుతుంది. 'స్కీ శిక్షకులు ఎక్కడ తింటున్నారో చూసి అక్కడికి పొండి' అని రాయిస్తే చాలు. తంగ్‌మర్గ్‌లో ఆగమనండి. కాందుర్ అనే రొట్టెలవాడి కొట్లో వేడి గిర్దా రొట్టె, దాంతో గులాబి రంగు నూన్ చాయ్ తాగమనండి. టీలో ఉప్పేమిటని మొదటి గుక్కకి తిట్టుకున్నా, మూడో గుక్కకి చేతుల్లో ప్రాణం వస్తుంది. శ్రీనగర్‌లో బస చేసి పొద్దున్నే కొండెక్కేవాళ్ళు చాలామంది కనుక, మాంసం తినేవాళ్ళయితే పాతబస్తీ ఆలీ కదల్ దగ్గర హరీసా తిని బయల్దేరమనండి. రాత్రంతా ఉడికి, మెత్తగా నలిగి, పైన కాగిన నూనె పోయించుకున్న ఆ గరిటెడు మాంసం కడుపులో ఉంటే మధ్యాహ్నందాకా ఏ బోర్డూ చదవనక్కర్లేదు. మాంసం ముట్టనివాళ్ళకి తామరతూళ్ళ పెరుగు కూర, నద్రూ యఖ్నీ ఉందని పెద్దక్షరాలతో రాయించండి. శాకాహారులు కశ్మీర్‌లో పస్తుంటారన్న మాట మావైపు బాగా పాతుకుపోయింది.

ఇడ్లీని బోర్డుల నుంచి తొలగించే ఉత్తర్వు కూడా తమ పరిధిలోకే వస్తుందని భావిస్తున్నాను. నష్టపరిహారం అడగడం లేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
గుంటూరు వాస్తవ్యుడు

నకలు: తెలుగు టూరిస్టు బస్సుల వంటమాస్టర్లకు, సమాచార నిమిత్తం. గుల్‌మర్గ్ రోజున వారికి జీతంతో కూడిన సెలవు ఇప్పించ ప్రార్థన.