అవివాహిత మిత్ర పునరవతార వ్యాఖ్య

మూలం: "ట్రెక్కింగ్ పిచ్చి. కుక్కలంటే ప్రాణం. మాటకారిని."

అవతారిక: ఇది హైదరాబాదు డేటింగ్ యాప్‌లో ముప్పై దాటిన బ్రహ్మచారి తన గురించి రాసుకున్న గద్యం. టిండర్ 500 అక్షరాల చోటిస్తుంది, కవి సంగ్రహప్రియుడు. అసలు కర్త రూమ్మేట్ అని సంప్రదాయజ్ఞులు.

టీక: పదాలు సులభాలు. "కుక్కలు" గౌరవార్థక బహువచనం. ఫొటోలో ఉన్నది ఒకటే, అదీ పక్కింటివారిది. "మాటకారి" దగ్గర ఆగాలి. ఆఫీసు లిఫ్టులో తెలిసినవాళ్లెక్కితే చార్జింగ్ అయిపోయిన ఫోను చూసుకునేవాడు ఇతడు.

విశేషం: కామసూత్రం అయిదో అధికరణంలో మన్మథావస్థలు పది. (అది పరదారల ప్రకరణమన్నది ఇక్కడ అప్రస్తుతం.) చూపు కలవడం, మనసు తగులుకోవడం, సంకల్పం, నిద్ర పట్టకపోవడం, చిక్కిపోవడం, మరి దేనిమీదా మనసు నిలవకపోవడం, సిగ్గు విడవడం ఏడోది. అంటే ఆరు మెట్లెక్కాక సిగ్గు తనంతట తానే పోతుంది, ఎవరూ విడిపించనక్కర్లేదు. ఆధునికులు ఎవరినీ చూడకముందే ఏడోదానితో మొదలుపెడతారు. చిక్కిపోవడం విరహంవల్ల కాదు, జిమ్ముకు ఏడాది ఫీజు కట్టేసినందువల్ల. నిద్ర లేకపోవడం అమెరికా క్లయింటు పుణ్యం. ఈ తారుమారుకు ఆలంకారికుడు మమ్మటుడి దోషాల పట్టికలో పేరుంది: దుష్క్రమం. ఓరుగల్లు విద్యానాథుడు ప్రతాపరుద్రీయంలో అవస్థలను 12 చేసి, ప్రలాపాన్నీ చేర్చాడు. దానికి మల్లినాథుడి కుమారుడు కుమారస్వామి రత్నాపణమనే వ్యాఖ్య రాశాడు. ఆ తండ్రీకొడుకుల వ్యాఖ్యానరీతి గురించి చెప్పవలసింది చాలా ఉంది కాని, పై గద్యం ఆ ప్రలాపమే కనుక మూలానికి తిరిగి రాక తప్పదు.

సిగ్గు దోషమని ఏ శాస్త్రమూ అనలేదు. భరతుడు వ్రీడను 33 వ్యభిచారి భావాల్లో కూర్చోబెట్టాడు. దాన్ని రోగం చేసింది శనాదివారాల్లో ఆత్మవిశ్వాసం అమ్మే శిక్షకులు. వాళ్ల మాట విని ఇతడు గడ్డం మార్చాడు, నవ్వు మార్చాడు, అరువు బూట్లతో అనంతగిరి కొండల్లో ఫొటో దిగాడు. అమ్మమ్మ దగ్గర నేర్చిన గోంగూర పచ్చడి ఇతడు రోట్లో నూరితే అపార్ట్‌మెంటంతా గిన్నెలతో వస్తుంది. ఆ ముక్క ఎక్కడా రాయలేదు. వచ్చిన అమ్మాయి పాపం ట్రెక్కింగ్ గురించే అడిగింది. ఇతడు రెండో కొండ పేరు చెప్పలేకపోయాడు.

తాత్పర్యం: మూలం కొట్టివేయదగినది. దాని స్థానంలో "గోంగూర పచ్చడి బాగా చేస్తాను" అన్న పాఠం గ్రాహ్యం.