అసాధారణ ప్రతిభావంతులకు మాత్రమే

తెలుగువాడికి తన గురించి తాను చెప్పుకోవడం చేతకాదు. పక్కవాడు చెబుతుంటే మాత్రం తలొంచుకుని, “అబ్బే, అంత లేదండీ” అంటూ ఇంకాస్త చెప్పించుకోవడం వెన్నతో పెట్టిన విద్య. ఈ స్వభావంతో అమెరికా వచ్చిపడితే కష్టమే.

ఇక్కడి ఆఫీసుల్లో ఏడాది చివర ఎవరి గొప్ప వాళ్లే రాసుకోవాలి. నేను కొత్తలో “టీమంతా కలిసి చేశాం” అని రాసేవాణ్ణి. మేనేజరు చదివి, “బాగుంది, ఇందులో నువ్వెక్కడున్నావ్?” అని అడిగాడు. మా పక్క సీటు కుర్రాడు ప్రింటర్లో కాగితాలు పెట్టి, “విభాగం పనిలో అంతరాయాలను తొలగించితిని” అన్న ధోరణిలో అర పేజీ రాశాడు. వాడికి ప్రమోషన్ వచ్చింది.

ఇంతలో ప్రభుత్వమే మన మొహమాటాన్ని వదలగొట్టే పని పెట్టుకుంది. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్‌కార్డుల్లో సాధారణంగా ఏ ఒక్క దేశానికీ ఏటా 7 శాతానికి మించి దక్కకూడదని చట్టం. మనమేమో తండోపతండాలుగా వచ్చాం. ఈబీ-2, ఈబీ-3 వరసల్లో నిలబడ్డవాళ్ల పిల్లలు కాలేజీలకొచ్చేశారు గానీ వరస కదల్లేదు. దాంతో అందరి చూపూ ఈబీ-1ఏ మీద పడింది. అది అసాధారణ ప్రతిభావంతులకు మాత్రమే. నోబెల్ స్థాయి బహుమతి ఉంటే అదొక్కటే చాలు. లేకపోతే ఇమిగ్రేషన్ వాళ్లు చెప్పిన పది ప్రమాణాల్లో కనీసం మూడింటికి రుజువులు చూపాలి. ఆ తర్వాత మొత్తం కేసు చూసి, ఇతగాడు నిజంగా అసాధారణుడేనా అని ఆఫీసరు ఇంకోసారి తేలుస్తాడు.

మా వీధిలో నోబెల్ ఎవరికీ లేదు కాబట్టి పది ప్రమాణాల మీద పడ్డాం. ప్రతిష్ఠాత్మక సంఘాల్లో సభ్యత్వం ఉందా? తెలుగు సంఘంలో జీవిత సభ్యత్వం ఉంది. దానికి కావలసిన అర్హత చెక్కు. ఇతరుల పనికి న్యాయనిర్ణేతగా ఉన్నారా? సంక్రాంతికి ముగ్గుల పోటీకి ఉన్నాం, ఆ తర్వాత రెండు కుటుంబాలు మాతో మాట్లాడ్డం మానేశాయి. కళాకృతుల ప్రదర్శన? బొమ్మల కొలువు. పేరున్న సంస్థలో కీలక పాత్ర? ఫుడ్ కమిటీ. పులిహోర అయిపోయిన రాత్రి ఆ పాత్ర ఎంత కీలకమో ఇమిగ్రేషన్ వాళ్లకి తెలియదు.

ఇవన్నీ ఒక ఎత్తు, సిఫార్సు ఉత్తరాలు ఒక ఎత్తు. రంగంలో పెద్దవాళ్లు మనల్ని పొగుడుతూ రాయాలి. పెద్దవాళ్లకి తీరికుండదు కనుక, “డ్రాఫ్టు నువ్వే పంపు, చూసి సంతకం పెడతాను” అంటారు. ఫ్రిస్కోలో మా వీధి తమ్ముడొకడు లాప్‌టాప్ చంకనెట్టుకొచ్చి, “అన్నా, కథలు రాస్తావుగా, నువ్వే ఓ చెయ్యి వెయ్యాలి” అన్నాడు. వాళ్లింటికి వెళ్లి వంటగది బల్ల దగ్గర కూర్చున్నాం. మొదటి వాక్యానికి వాడు సిగ్గుపడ్డాడు. రెండో వాక్యానికి విశేషణం చాల్లేదన్నాడు. టీ వచ్చేసరికి, ఈయనే లేకపోతే డేటాబేస్ రంగం పదేళ్లు వెనకబడి ఉండేదన్న దగ్గరికి చేరాం. వాడు గొంతెత్తి చదువుతుంటే వాళ్లావిడ విని, “ఎవరండీ ఆయన? వీలుంటే ఓసారి రమ్మనండి, మన డిష్‌వాషర్ ఆర్నెల్లుగా పనిచెయ్యట్లేదు” అంది.

నిజానికి ఇది మనకి కొత్త కాదు. పలికించేది రాముడు, తనదేం లేదన్న పోతన గారు కూడా స్కంధం చివరి గద్య దగ్గరికొచ్చేసరికి తండ్రి పేరుతో సహా తన పేరు చెప్పి, ముందు ‘సహజపాండిత్య’ అని చేర్చారు. తిక్కన గారు భారతంలో ప్రతి ఆశ్వాసం చివరా ‘ఉభయకవిమిత్ర’ అని గుర్తు చేశారు. అంతా ఎవరో బయటివాడు చెబుతున్నట్టే. ‘నేను’ అంటే నోరు రాదు గానీ, ‘ఈయన’ అంటే వాగ్దేవి నాలుక మీద నాట్యమాడుతుంది.

అందుకే అమెరికా తెలుగు సభల సావనీర్లు తిరగేస్తే కవిత ఎనిమిది పంక్తులు, కవి పరిచయం పద్దెనిమిది. కవి, కథకుడు, గాయకుడు, వ్యాఖ్యాత, నటుడు, సంఘసేవకుడు, వెరసి ఒక్కడే. అది స్వయంగా రాసి పంపిందే. కవితలో లేని ఊహాశక్తి అక్కడ కనిపిస్తుంది.

కానీ ఆ కవితలు కంప్యూటర్లోకి ఎక్కిన దారి చూడండి. 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాసే పద్ధతి తయారు చేశారు. చిన్న ఎల్ కొడితే ల, పెద్ద ఎల్ కొడితే ళ. షిఫ్టు మరిచిపోతే కళాసమితి కాస్తా కలాసమితి అవుతుంది. దానికి వాళ్లు తమ పేర్లు పెట్టుకోలేదు, రైస్ పేరు పెట్టారు. ఆ పద్ధతిని పిలిచే ఆర్‌టీఎస్ అన్న పేరులో ఆర్ అదే. ఆ తర్వాత తిరుమల కృష్ణ దేశికాచారి గారు తెలుగు ఫాంట్లు చేసి, వాటికి పోతన, వేమన అని పేర్లు పెట్టారు. మా తమ్ముడైతే తన పేరే పెట్టి, మర్నాడే ఎగ్జిబిట్-ఏగా జతచేసి పంపేవాడు.

చెప్పొచ్చేదేమంటే, అమెరికా తెలుగు కథల సంకలనాలు చాలానే వచ్చాయి. వాటిలో మన సిఫార్సు ఉత్తరాలకు చోటు దక్కలేదు. పాత్రచిత్రణలో వాటిని మించిన కల్పన ఇక్కడ నేను చదవలేదు. కాబట్టి అయ్యలారా, అమ్మలారా, గ్రీన్‌కార్డు రాగానే ఆ ఫైళ్లు పారెయ్యకండి.