థియరీలో లేని బంటు

మా పక్కింటి గుంటడు చదరంగం ఆడడు, అప్పజెబుతాడు. మొదటి పది ఎత్తులూ ఊపిరి తీసుకోకుండా వేసేస్తాడు. మధ్యమధ్యలో నేను వేసిన దానికి ఇటాలియన్, సిసిలియన్, కారో-కాన్ అంటూ నామకరణాలు కూడా వాడే చేసేస్తాడు. మొన్న ఒళ్లు మండి, ఏనుగు ముందున్న బంటును ఒక్క గడి తోశాను. గుంటడి చెయ్యి గాల్లో ఆగిపోయింది.

“తాతా, ఇది థియరీలో లేదు.”

శ్రీకూర్మంలో కూర్చుని అనదగ్గ మాటేనా ఇది? ఇక్కడ స్వామే పడమటి ముఖంగా కొలువై ఉన్నాడు. గుడికి ధ్వజస్తంభాలు రెండు. ఊరంతా అలవాటుకు ఎదురెళ్లి వందల ఏళ్లుగా నిక్షేపంగా ఉంటే, నా బంటు ఒక్కటే నేరం చేసిందా?

బట్టీ మీద నాకు పగ లేదు. మన కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. 2024 చివర్లో న్యూయార్క్‌లో ర్యాపిడ్ ప్రపంచ టైటిల్ రెండోసారి గెలిచింది. ఆమెకు ఓపెనింగులు కంఠతా రావని ఎవరంటారు? కానీ కంఠతా వచ్చింది అయిపోయాకే కదా అసలు ఆట.

వెనకటి అష్టావధానాల్లో చదరంగం కూడా ఒక అంశంగా ఉండేది. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు అక్షరాలు నిషేధిస్తారు, ఇంకొకరు గంట కొడతారు. వీటన్నిటి మధ్యా అవధాని ఎత్తు వెయ్యాలి. అది చాలదన్నట్టు అప్రస్తుత ప్రసంగి ఉంటాడు. ఆయన పనల్లా అడ్డమైన ప్రశ్నలేసి ధారణ చెడగొట్టడం. మా అరుగు మీద ఆ పదవికి పోటీ ఎక్కువ. నేను మంత్రిని పట్టుకోగానే ఒకాయన “కరెంటు బిల్లు ఎంతొచ్చింది?” అంటాడు. రెండో ఆయనకు చేపల ధర కావాలి. మూడో ఆయన నా గుర్రాన్ని తనే జరిపేసి, “అక్కడెందుకు, ఇక్కడ పెట్టు మావా” అంటాడు. నాలుగో ఆయనకు ఆటే రాదు, సలహా మాత్రం ఆయనదే గట్టిగా వినబడుతుంది. ఇంతమందిలో ఆట నెగ్గేవాడికి ఏ బిరుదివ్వాలో మీరే చెప్పండి. గుంటడు చూసి నేర్చుకునే వీడియోల్లో అప్రస్తుత ప్రసంగం పాఠమే లేదు.

ఆటగాళ్ల ధారణ మీదే 1973లో అమెరికాలో చేజ్, సైమన్ అని ఇద్దరు పరీక్ష పెట్టారు. నిజమైన ఆటలోని బల్లను ఐదు సెకన్లు చూపిస్తే, ఆరితేరినవాడు పావులు చాలామటుకు మళ్లీ పేర్చేశాడు. అవే పావుల్ని ఇష్టమొచ్చినట్టు చెదరగొట్టి చూపిస్తే, కొత్తవాడికీ వాడికీ పెద్ద తేడా కనబడలేదు. అంటే వాడికి గుర్తుండేది పావులు కాదు, వాటి మధ్య తగాదాలు.

ఒకప్పటి ప్రపంచ చాంపియన్ ఫిషరంతటివాడు కూడా ఈ ఓపెనింగుల బట్టీతో విసిగి, 1996లో వెనక వరస పావుల్ని కలిపేసి పేర్చే ఆట ప్రకటించాడు. మొత్తం 960 పేర్పులు. గుంటడికి ఇది ఉత్సాహంగా చెప్పాను. కాసేపు ఆలోచించి, “960కీ వీడియోలున్నాయా తాతా?” అన్నాడు.

తిట్టబోయి ఆగాను. నాతో ఏళ్ల తరబడి ఇదే అరుగు మీద ఆడిన మేష్టారు పోయారు. ఆయన చుట్టపొగ గుర్తుంది, ఓడబోయే ముందు గొంతు సవరించుకోవడం గుర్తుంది. అన్ని ఆటల్లో ఒక్కటీ మొదటినుంచి చివరిదాకా గుర్తు లేదు. తొమ్మిదో ఎత్తుకి ఆయన గుర్రం ఎక్కడుండేదో, పక్కన కూర్చుని చూసుంటే, ఈ గుంటడు ఇప్పటికీ చెప్పేవాడు.