సెక్షన్ 52 గారికి ఎర్ర కాలిపర్ విన్నపం

మహారాజశ్రీ మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 గారి దివ్యసముఖమునకు,

సూర్యాపేట జిల్లా పెన్‌పహాడ్ మండల వాస్తవ్యుడు, ఒక 150 సీసీ బండికి యజమాని, చేతులు కట్టుకొని వ్రాసుకొను బహిరంగ విన్నపము.

అయ్యా!

ఆఫీసుల్లో కూర్చునే సార్లు వస్తుంటారు, బదిలీ మీద పోతుంటారు. తమరు మాత్రం 1989 జులై 1న కూర్చున్న కుర్చీలోంచి ఇప్పటికీ లేవలేదు. అందుకే నడుమ ఎవరినీ పెట్టుకోకుండా సూటిగా తమరికే రాస్తున్నాను. బండికి మార్పు చేసినవాడు 14 రోజుల్లోగా చెప్పుకోవాలని తమరి హుకుం. ఇవాళ్టికి 12 రోజులైంది. కాబట్టి దీన్ని ఊసుపోక రాసిన ఉత్తరమని పక్కన పెట్టొద్దు.

నేను చేసిన పని ఇది: బండి ముందు చక్రం కాలిపర్‌కు ఎర్ర రంగు వేశాను. షెడ్డులో కాదు. ఇంటి ముందర వేపచెట్టు కింద, యూరియా సంచి పరుచుకొని, పట్టపగలు.

ఈ ఉత్తరం నలుగురూ చదువుతారు గనక కాలిపర్ సంగతి ఒక ముక్క చెబుతాను. అది డిస్కును రెండు పక్కలా పట్టుకునే లోహపు పిడికిలి. చేత్తో లీవరు నొక్కితే గొట్టంలోని బ్రేకు ఆయిల్ పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ ప్యాడ్లను తోస్తుంది, ప్యాడ్లు డిస్కును అదిమి పడతాయి. అంతే. మనిషి ప్రాణం ఆ పిడికిట్లో ఉంటుంది. అయినా పదేండ్లుగా నేను దాని మొహం చూసిన పాపాన పోలేదు.

ఈ బుద్ధి పుట్టించింది మావాడు. కోదాడలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నాయినా, ఇది మరీ ముసల్దైపోయింది. కాలిపర్‌కు ఎర్ర రంగేస్తే లుక్కే మారుతది" అన్నాడు. ఫోన్లో బొమ్మలు చూపించాడు. పోర్షే కార్లలో కాలిపర్ రంగును బట్టే కారు గోత్రం చెప్పొచ్చట. పసుపుదైతే సెరామిక్ డిస్కు, చిలకపచ్చదైతే హైబ్రిడ్డు. మన దగ్గర కండువా రంగు చూసి మనిషి ఎటో చెప్పినట్టు! బ్రెంబో అని ఇటలీ కంపెనీ ఉంది, 1961లో బెర్గామో దగ్గర పుట్టింది. దాని ఎర్ర కాలిపర్లంటే కుర్రకారుకు మోజు. మన దేశపు బండ్ల మీద బైబ్రే అని కనబడేది దాని పిల్ల బ్రాండే. నా కాలిపర్ మాత్రం ఏ గోత్రమూ లేని బూడిద రంగుది.

రంగు వేయడం మాకు కొత్త కాదు. మా నాయిన ఏరువాక పున్నమికి ఎద్దుల కొమ్ములకు రంగు పూసేవాడు. దసరాకు ట్రాక్టరు దగ్గర్నుంచి కొడవలి దాకా పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటాం. ఎద్దుకు ఆర్‌సీ లేదు కాబట్టి మా నాయిన తప్పించుకున్నాడు. నాకుంది. 2015లో కొన్న బండి, నల్లగొండ లెక్కన టీఎస్ 05 నంబరు. మరుసటేడు మా జిల్లా వేరయింది, కొత్త బండ్లు టీఎస్ 29 అయినయ్, 2024 నుంచి టీజీ 29 అయినయ్. ఇన్ని మార్పుల మధ్య నా ఆర్‌సీలో నంబరూ మారలేదు, రంగూ మారలేదు: నలుపు.

నేను చదువుకోకుండా రాయడం లేదు. "మార్పు" అంటే బండి నిర్మాణంలో మార్పు, దాని మౌలిక లక్షణాన్నే మార్చేటంతటిది అని తమరే కింద వివరణ రాసుకున్నారు. కేరళ నుంచి వెళ్ళిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా కంపెనీ చెప్పినదానికి విరుద్ధంగా బండి నిర్మాణం మార్చరాదని గట్టిగా చెప్పింది. పిడికెడు రంగుతో నిర్మాణం మారదని ధైర్యం తెచ్చుకున్నాను. అయితే అదే ఏడాది సవరణతో కోరలు మొలిచిన తమరి తమ్ముడు సెక్షన్ 182ఏ గారు ఉన్నారు. ఒక్కో అక్రమ మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అంటారు. ఆయన కోపిష్టి. అందుకని రంగు ఎంచుకునేటప్పుడు జాగ్రత్త పడ్డాను. మావాడు ముందు మిలిటరీ పచ్చ అన్నాడు. 1989 నాటి కేంద్ర నిబంధనల్లో 121వది ఆ ఆలివ్ పచ్చను రక్షణ శాఖ బండ్లకే ఉంచింది. కాలిపర్ కోసం సైన్యంతో తగువెందుకని ఎరుపుకే ఒప్పించాను.

ఇక అసలు కథ. మధ్య స్టాండు వేసి, కాలిపర్‌ను ఫోర్కుకు పట్టి ఉంచే రెండు బోల్టులు పానాతో ఊడదీశాం. ఆయిల్ గొట్టాన్ని ముట్టుకోలేదు. కాలిపర్ ఆ గొట్టానికి వేలాడితే గొట్టం పాడవుతుందని కట్టుతీగతో ఫోర్కుకే కట్టాం. ప్యాడ్లు బయటికి తీశాం. అప్పుడు ఇద్దరం మాట్లాడలేదు కాసేపు.

ఒక ప్యాడు రూపాయి బిళ్ళ మందాన ఉంది. రెండోదాని మీద మసాలానే లేదు. వట్టి ఇనుప రేకు. అరుగుదల చూసుకోవడానికి కంపెనీ గీసిన గాడి ఎప్పుడో చెరిగిపోయింది. ఆ రేకు తాకిన చోటల్లా డిస్కు మీద వేలిగోటికి తగిలే గీతలు. రెండు నెలలుగా బ్రేకు కీచుమంటుంటే మా బావమరిది ఒక చుక్క నూనె వెయ్యమని సలహా ఇచ్చాడు. ఆ ఒక్క సలహా వినకపోవడం నా పూర్వజన్మ సుకృతం.

ఒకటే ఎందుకు అరిగిందో పిన్నులు చూస్తే తెలిసింది. ఈ రకం కాలిపర్‌లో పిస్టన్ ఒక పక్కనే ఉంటుంది. రెండో పక్క ప్యాడును లాక్కురావాలంటే కాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద అటూఇటూ జరగాలి. నాది జరగడం మానేసింది. పిన్నుల చుట్టూ ఎండిన నల్లరేగడి, చాకుతో గీకితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. నాట్ల కాలంలో ట్రాక్టర్లు కేజ్‌వీల్స్ విప్పకుండానే తారురోడ్డెక్కుతాయి. మడి సగం రోడ్డు మీదే ఉంటుంది. అది చిమ్మి చిమ్మి నా కాలిపర్లో పొలం అయింది, నారు పోస్తే మొలిచేదే.

ఇక్కడ తమరిని ఒక మాట అడగాలి, కోపగించుకోవద్దు. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏండ్లు చెల్లుతుంది. నాది 2030 దాకా. ఆరు నెలలకోసారి పొగ సర్టిఫికెట్ కోసం వెనక సైలెన్సర్లో గొట్టం పెట్టి చూస్తారు. ముందు బ్రేకు పట్టుతుందా లేదా అని ఈ పదేండ్లలో అడిగిన పాపాన ఎవరూ పోలేదు. నేను కూడా. మా రోడ్డు మీద యాసంగి కోతలప్పుడు సగం దాకా వడ్లు ఆరబోస్తారు. వడ్ల మీద బ్రేకు వేస్తే చక్రం కింద గింజలు గోలీల్లా దొర్లుతాయి. చీకటి పడ్డాక కుప్ప చుట్టూ పెట్టిన రాళ్ళు దగ్గరికొస్తేగానీ కనబడవు. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టరు వెనక లైటు వెలగదు. 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది, నాది అంతకుముందుది. ఇన్నిటి నడుమ నేను వట్టి రేకు మీద తిరిగాను, కాగితాలన్నీ సక్రమంగా ఉండగా.

సరే, రంగు. తీగ బ్రష్షుతో రుద్ది, సబ్బు నీళ్ళతో కడిగి, ఎండబెట్టి, గరుకు కాగితం పట్టించాం. పిస్టనూ, రబ్బర్లూ, పిన్ను బొక్కలూ, ప్యాడ్లు కూర్చునే చోటూ, గాలి తీసే నిపులూ కాగితం టేపుతో కప్పేశాం. అక్కడ రంగు పడితే అందానికి పోయి అసలు పని చెడుతుంది. వేడికి తట్టుకునే స్ప్రే డబ్బా సూర్యాపేటలో దొరికింది. ఒకేసారి దట్టంగా కొడితే కారుతుంది కాబట్టి పలచగా మూడు సార్లు, నడుమ పావుగంట చొప్పున. మా ఇంటావిడ చేటలో బియ్యం ఏరుకుంటూ, "ఏందయ్యా, బండికి గోరింటాకు పెడుతున్నవా? దాని పెండ్లి ఎప్పుడు?" అంది. రాత్రంతా ఆరనిచ్చాం.

తెల్లారి ఘోరం జరిగింది. కొత్త ప్యాడ్లు మందంగా ఉంటాయి కదా, అవి పట్టాలంటే పిస్టన్‌ను లోపలికి నెట్టాలి. నెడితే అందులోని ఆయిల్ వెనక్కి, హ్యాండిల్ మీది డబ్బాలోకి పోతుంది. ప్యాడ్లు అరిగేకొద్దీ ఆ డబ్బాలో ఆయిల్ తగ్గుతుందట. బండి తన నోటితో చెప్పగలిగిన మాట అదొక్కటే. నేనేం చేశాను? తగ్గినప్పుడల్లా నిండా పోసి దాని నోరు నొక్కేశాను. ఇప్పుడు పిస్టన్ నెట్టగానే, మూత తీసి ఉన్న డబ్బా పొంగింది. హ్యాండిల్ కుడికి తిరిగి ఉంది, సరిగ్గా ట్యాంకు మీద పడింది. నల్లటి ఆయిల్, రెండేండ్లకోసారి మార్చాల్సింది పదేండ్లు ఉండి డికాషన్ అయింది. కొత్త డాట్ 4 ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పీల్చాక 155కే మరుగుతుందట. నాది ఇంకెంతకు దిగిందో.

బ్రేకు ఆయిల్ రంగును తింటుంది. వెంటనే బకెట్టు నీళ్ళు కుమ్మరిస్తే కొట్టుకుపోయేది. నేను పాత లుంగీ గుడ్డతో తుడిచాను, అంటే ట్యాంకంతా పులిమాను. ఛాయ తాగి వచ్చేసరికి నలుపు పొక్కులు లేచింది, గోరు తగిలితే పొరలా వచ్చింది. అరచేయంత మేర రేకు తేలింది.

ఇప్పుడు చిక్కు తమరికే అర్థం కావాలి. నేను వేసిన ఎరుపు చక్రం లోపల ఎక్కడో ఉంది, వంగి చూస్తే తప్ప కనబడదు. నేను చేయని మార్పు ట్యాంకు నడుమ అందరికీ కనబడుతోంది. బండి రిజిస్ట్రేషన్ దరఖాస్తులో "ఒంటి రంగు లేదా రంగులు, రెక్కలు, ముందు భాగం" అని ఒక గడి ఉంది. కాలిపర్ ఆ ముందు భాగంలో లెక్కా? ఊడిన నలుపును ఒక రంగుగా రాయాలా, రంగు లేకపోవడంగా రాయాలా? నేరం చేసింది నేనా, ఆయిలా? జరిమానా పడితే ఎర్ర కాలిపర్‌కు ఒకటి, తెల్లబోయిన ట్యాంకుకు ఇంకొకటి, వెరసి 10,000 అవుతుందని మా బావమరిది లెక్క కట్టాడు. ఆయన లెక్కలు ఆయన నూనె సలహా లాంటివే.

ఒక తప్పు దాచకుండా చెప్పేస్తాను. పాత ఆయిల్ పిండి కొత్తది పోసి, గాలి తీసి, అన్నీ బిగించి బండి స్టార్టు చేశాను. పిస్టన్ వెనక్కి ఉన్నప్పుడు ముందు లీవరును పది పదిహేనుసార్లు కొట్టి ప్యాడ్లను డిస్కు దగ్గరికి తెచ్చుకోవాలని ఆ సంబరంలో మర్చిపోయాను. గేటు దాటి లీవరు నొక్కితే వేళ్ళు హ్యాండిల్‌కే తగిలాయి, బ్రేకు లేదు. కాలు వెనక బ్రేకు మీద పడేలోపు ఎర్రటి కాలిపర్‌తో సహా పక్కింటి గడ్డివాములో దూరాను. చిన్న దెబ్బ కూడా తగల్లేదు. పక్కింటి ముసలమ్మ మాత్రం, "కొత్త బండి కొన్నవా కొడుకా, ఎర్రగ మెరుస్తంది" అని మెచ్చుకుంది. గడ్డిలో ఆమెకు కనబడింది అదొక్కటే.

ఇప్పుడు బ్రేకు వేలుతో నొక్కితే పడుతోంది.

తమరి జవాబు కోసం ఇంకో రెండు రోజులు చూస్తాను.

ఇట్లు
తమరి విధేయుడు,
పెన్‌పహాడ్ మండల వాస్తవ్యుడు

నకలు: సెక్షన్ 182ఏ గారికి, సమాచారం కోసం మాత్రమే.

తా.క.: వెనక చక్రానిది డ్రమ్ము బ్రేకు, దానికి కాలిపరే లేదు. మావాడు డ్రమ్ముకే ఎర్ర రంగు వేద్దామంటున్నాడు. ముందు దాన్ని విప్పి లోపల ఏముందో చూద్దాం అన్నాను. డబ్బాలో రంగు ఇంకా సగం మిగిలి ఉంది.