ఏ లంకకి?

"తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం అండీ!"

గోదావరి ఒడ్డున ముక్తేశ్వరం రేవులో టీ గ్లాసు పట్టుకుని ఓ పెద్దమనిషి ఈ ముక్క అనగానే బల్ల మీదున్న నలుగురూ "ఆయ్" అన్నారు. 2022 సంగతి. శ్రీలంకలో పెట్రోలు లేదు, మందుల్లేవు. మన దేశం ఆ ఏడాది వాళ్లకి 400 కోట్ల డాలర్ల దాకా సర్దింది. పెద్దమనిషి బాధల్లా ఒకటే: "మన లంకలు మునిగిపోతుంటే, ఆ లంకకి డాలర్లా?"

మునిగిన మాట నిజమే. అక్కడ అధ్యక్షుడు గొటబయ రాజపక్స విమానమెక్కి పారిపోయిన ఆ జూలై వారంలోనే ఇక్కడ ధవళేశ్వరం దగ్గర గోదావరి పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. ఎదురుబిడియం కాజ్‌వే నీళ్లలో కలిసిపోయింది. లంకల్లో జనం పడవలెక్కారు. సర్కారు వారు ఇంటికి 25 కిలోల బియ్యం, 2000 రూపాయలు ప్రకటించారు. ఎలా సర్దుకోవాలో మాత్రం గోదారమ్మనే అడగమన్నారు కాబోలు.

అయితే పెద్దమనిషికి మన లంకలు గుర్తుకు రావడానికి శ్రీలంక దివాలా తియ్యాల్సొచ్చింది. ఏటా గట్టు కోసుకుపోయి కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు కాయలతో సహా నదిలో పడుతున్నప్పుడు ఆయనకి ధర్మమూ గుర్తు రాలేదు, బేరమూ గుర్తు రాలేదు. పొరుగువాడు చెయ్యి చాచిన రోజునే ఇంట్లో పిల్లలు ఆకలిగా ఉన్నారని తెలిసే తండ్రులు కొందరుంటారు.

లెక్క చూద్దాం. ఆ ఏడాది కేంద్ర బడ్జెట్టు 39 లక్షల కోట్ల పైమాట. అందులో విదేశాలకి సాయం పద్దు 7 వేల కోట్లకి లోపే. వంద రూపాయల్లో పావలా కూడా కాదు. శ్రీలంక 400 కోట్ల డాలర్లలో ఎక్కువ భాగం దానమూ కాదు, అప్పు, బాకీల వాయిదా, కరెన్సీ మారకం. ఇలాంటి అప్పులకి మామూలుగా ఉండే షరతేమిటంటే, ముప్పాతిక వంతు సరుకు మన దగ్గరే కొనాలి. అంటే మన కొట్లో కొనుక్కోమని మనమే అరువిచ్చాం. ఈ రేవులో కిరాణా కొట్టాయన చేసేదీ అదే. ఆయన్ని ఇంతవరకూ ఎవరూ దానకర్ణుడు అనలేదు.

నిజంగా ఉట్టినే ఇచ్చింది మనమేనండోయ్! 1940లో యుద్ధం కోసమని కాకినాడ-కోటిపల్లి రైలు పట్టాలు తెల్లదొరలు పీక్కుపోయారు. మళ్లీ వేసింది 2004లో. అరవై నాలుగేళ్ల చేబదులు, వడ్డీ లేదు, నోటు లేదు.

ఆ పట్టాలు కోటిపల్లి దగ్గర గౌతమి ఒడ్డున ఆగాయి. గోదావరి దాటి నరసాపురం దాకా లైను 2000-01 రైల్వే బడ్జెట్టులోనే మంజూరైంది. పాతికేళ్లకి నదిలో స్తంభాలు లేచాయి, రైలు రాలేదు. ఈలోగా శ్రీలంకలోని జాఫ్నాలో ఏం జరిగిందో చూడండి. 1990లో అక్కడి అంతర్యుద్ధంతో ఆగిన యాళ్ దేవి రైలు 2014 అక్టోబరు 13న మళ్లీ ఊళ్లోకి వచ్చింది. అప్పు మనది, పట్టాలు వేసింది మన రైల్వే శాఖ వారి ఇర్కాన్. కాబట్టి మనకి డబ్బు లేదనడానికీ లేదు, చేతకాదనడానికీ లేదు. మరి మన లైను సొమ్ము ఏ రావణాసురుడు ఎత్తుకుపోయాడు?

అందుకని పెద్దమనిషికి ఓ ఉపాయం చెప్పాను. ముక్తేశ్వరాన్ని పరదేశంగా ప్రకటించేద్దాం. ఓ పక్క గౌతమి, ఇంకో పక్క వైనతేయ, కింద సముద్రం, సరిహద్దులు గీసే ఖర్చు కూడా లేదు. కొబ్బరికాయని జెండా మీద వేసుకుందాం. ఢిల్లీకి అప్పు కోసం ఉత్తరం రాద్దాం. ఇర్కాన్ వారు నాలుగేళ్లలో రైలు తెచ్చేస్తారు, విదేశాంగ మంత్రి వచ్చి పచ్చజెండా ఊపుతారు. ముప్పాతిక వంతు సరుకు ఇండియాలోనే కొనాలంటే కొందాం, ఇప్పుడు మాత్రం సిమెంటు మన చెట్లకి కాస్తోందా?

ఆయన చాలాసేపు ఆలోచించాడు. పంటు వచ్చింది. ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"బాగానే ఉందిగానండీ, అవతల కోటిపల్లోళ్లు ఊరుకుంటారా? మాకే దిక్కు లేదు, ముక్తేశ్వరానికి డబ్బులేంటని అడగరూ?"